రక్తంలో చక్కెర అడుగంటినప్పుడు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమని పిలిచిన నిర్వాహకులు విషయం మీ ఇష్టమన్నారు. ఫోలిక్ ఆమ్లం గురించో, బోదకాలుకు వాడే హెట్రజాన్ గురించో, మెథోట్రెక్సేట్ గురించో మాట్లాడితే సభకు నప్పేది. వాటి గురించి నాకంటే బాగా చెప్పినవాళ్ళు ఉన్నారు. నేను ఎంచుకున్నది రక్తంలో చక్కెర పడిపోవడం. దీనికీ ఆయనకూ ఏం సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన సుబ్బారావుగారు హార్వర్డులో పనిచేసింది ఆటో ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలో. రక్తంలో చక్కెరను కొలవడానికి దశాబ్దాలపాటు ప్రపంచమంతా వాడిన ఫోలిన్-వూ పద్ధతి ఆ ఫోలిన్‌దే. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావుగారు భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఒకటి చక్కెరను కొలుస్తుంది, ఇంకొకటి భాస్వరాన్ని. రెండింటిలోనూ పరీక్ష గొట్టంలో చివరికి తేలేది మాలిబ్డినం ఇచ్చే నీలిరంగే. ఆ రంగు చిక్కదనాన్ని బట్టే లెక్క కట్టేవారు. భాస్వరం జాడ పట్టుకుని వెళ్ళి ఆ ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని వేరుచేశారు. మనం తిన్న చక్కెర నుంచి కణం రాబట్టే శక్తి చేతులు మారేది ఆ ఏటీపీ రూపంలోనే. కాబట్టి నేను దారి తప్పి రాలేదు.

మన ఇళ్ళలో చక్కెర పెరిగితే కంగారు, తగ్గితే సంబరం. గ్లూకోమీటరులో 62 కనబడితే ‘అమ్మయ్య, కంట్రోల్లోకి వచ్చింది’ అని నాతో చెప్పినవాళ్ళు చాలామంది. చక్కెర ఎక్కువగా ఉండటం కళ్ళనూ, మూత్రపిండాలనూ, నరాలనూ ఏళ్ళ తరబడి తింటుంది. కీటోన్లు పేరుకునే సందర్భాలు తప్పిస్తే, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. తక్కువ చక్కెర ఆ వ్యవధి ఇవ్వదు. కొన్ని గంటల్లో మనిషిని తీసుకుపోగలదు, లేదా బతికించి మెదడును దెబ్బతీసి వదలగలదు. దాన్ని కనిపెట్టడానికి ఒక రక్తపు చుక్క చాలు. తొలిదశలో వైద్యం పంచదార డబ్బాలోనే ఉంది. ఇంత చవకైన వైద్యం ఉండగా కూడా మనిషి పోయాడంటే, ముందుగా చెప్పవలసినవాళ్ళు చెప్పలేదనే అర్థం. ఆ చెప్పవలసినవాళ్ళలో మొదటి వరస మాది, వైద్యులది.

పెద్ద మనిషి రక్తమంతటిలోనూ ఏ క్షణాన చూసినా ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు. ఒక చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా ఖర్చు పెడుతుంది. ఆ చెంచాడు ఖాళీ కాకుండా ఎప్పటికప్పుడు నింపేది కాలేయం. అందులో గ్లైకోజెన్‌గా దాచుకున్న నిల్వ వంద గ్రాముల ప్రాంతం. అది కరిగాక మాంసకృత్తుల నుంచీ, లాక్టేట్ నుంచీ కొత్తగా గ్లూకోజు తయారు చేసుకోవాలి. ఈ ఏర్పాటుకు కాపలా గట్టిగానే ఉంది. డెసిలీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గరికి దిగేసరికే ఇన్సులిన్ ఉత్పత్తి తగ్గిపోతుంది. 70 దాటి దిగుతుంటే గ్లూకగాన్, ఎడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. ఒళ్ళంతా చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, పట్టరాని ఆకలి, కారణం తెలియని గాబరా కనిపిస్తాయి. ఇది శరీరం వేసే కేక. 54 కన్నా కిందికి జారితే మెదడుకే తిండి చాలదు. మాట ముద్దగా వస్తుంది, చూపు మసకబారుతుంది, నెమ్మదస్థుడు కూడా అకారణంగా కోప్పడతాడు, పంచదార నీళ్ళు తాగమంటే గ్లాసు విసిరికొడతాడు. ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం.

ఈ రెండో దశలో ఉన్న మనిషిని చూసి చుట్టూ ఉన్నవాళ్ళు రకరకాలుగా అనుకుంటారు. తాగాడంటారు. గాలి సోకిందని దిష్టి తీస్తారు. పక్షవాతమని అంబులెన్స్ ఎక్కిస్తారు. చక్కెర బాగా పడిపోయినప్పుడు ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం నిజంగానే జరుగుతుంది. పక్షవాతమని తెచ్చిన రోగికి గ్లూకోజు ఎక్కించగానే చెయ్యి లేవడం ఎమర్జెన్సీలో పనిచేసే ప్రతి డాక్టరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. స్పృహ లేని మనిషికి స్కానింగ్ కంటే ముందు చేయవలసింది వేలి చివర సూదిపోటు.

ఈ ప్రమాదం కొత్తగా తెలిసింది కాదు. 1921-22 చలికాలంలో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన క్లోమ రసాన్ని శుద్ధి చేస్తూ జేమ్స్ కొలిప్ దాన్ని కుందేళ్ళకు ఎక్కించి చూశాడు. చక్కెర పడిపోయి అవి ఫిట్స్‌తో కొట్టుకున్నాయి. గ్లూకోజు ఇవ్వగానే లేచి తిరిగాయి. తొలిరోజుల్లో ఇన్సులిన్ బలాన్ని కొలిచింది కుందేలు చక్కెర ఎంత పడిందన్న లెక్కతోనే. అంటే మందు జనంలోకి రాకముందే దాని ప్రమాదమూ, విరుగుడూ రెండూ చేతికొచ్చాయి.

మాత్రల కథ ఇంకా విచిత్రం. 1942లో ఫ్రాన్సులోని మాంపెల్యేలో మార్సెల్ జాన్‌బాన్ టైఫాయిడ్ రోగులకు కొత్త సల్ఫా మందు ఒకటి ఇచ్చి చూస్తున్నాడు. రోగులు చక్కెర పడిపోయి కుప్పకూలారు, కొందరు చనిపోయారు. ఎందుకిలా జరిగిందని ఆగస్ట్ లుబాత్యేర్ తవ్వుకుంటూ పోతే, ఆ మందు క్లోమాన్ని తరిమి ఇన్సులిన్ విడుదల చేయిస్తోందని తేలింది. టాల్‌బ్యుటమైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇవాళ మన పల్లెల దాకా పాకిన గ్లిమెపిరైడ్ అన్నీ ఆ వంశమే. ఆ వంశం పుట్టిందే చక్కెర పడిపోవడం అనే దుర్ఘటనలోంచి. దాన్ని రాసిచ్చే చేతులు ఈ పుట్టుపూర్వోత్తరాలు మరిచిపోకూడదు.

షుగరు మాత్రలన్నీ ఇలా చేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిప్టిన్లూ అంతే. చిక్కు ఇన్సులిన్‌తోనూ, పైన చెప్పిన వంశం, అంటే సల్ఫొనైల్‌యూరియా మాత్రలతోనూ. కానీ మన దగ్గర రెండు మూడు మందులు కలిపి ఒక బిళ్ళగా చేసి అమ్ముతారు. ‘నేను వాడేది ఒక్క మాత్రే డాక్టరుగారూ’ అంటాడు రోగి. ఆ ఒక్కదానిలో గ్లిమెపిరైడ్ ఉందని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే మాత్ర వేసుకుని టిఫిన్ సంగతి మరిచిపోతాడు. కార్తీక సోమవారం నక్షత్రం కనబడేదాకా అన్నం ముట్టడు, మాత్ర మాత్రం మానడు, ఎందుకంటే మందు మానకూడదని నేనే చెప్పాను. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ రోజా, దీక్షలో ఒంటిపూట భోజనం, పెళ్ళిలో మూడింటికి పడే విస్తరి, అన్నిట్లోనూ ఇదే కథ. ఉపవాసం చేయవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు, చెప్పినా వినరు. ఉపవాసానికి ముందే వచ్చి ఆ రోజుకు మోతాదు మార్పించుకోండి అంటున్నాను. రంజాన్ నెలకు ముందు వచ్చి అడిగే ముస్లిం రోగులు నాకు కనబడుతున్నారు. కార్తీకానికి ముందు వచ్చి అడిగేవాళ్ళు చాలా తక్కువ.

కూలిపని చేసేవాళ్ళ చిక్కు వేరు. నాట్ల రోజుల్లో శరీరం మామూలుకంటే ఎన్నో రెట్లు కష్టపడుతుంది. మోతాదు మాత్రం ఖాళీగా కూర్చున్న రోజులదే. పైగా కష్టపడ్డ కండరం ఆ రాత్రంతా చక్కెరను లాక్కుంటూనే ఉంటుంది కనుక, దెబ్బ తెల్లవారుజామున తగలవచ్చు. పీడకలలు, దిండు తడిసిపోయేంత చెమట, లేవగానే తలనొప్పి ఉంటే, ఇన్సులిన్ వాడే మనిషి ఒక రాత్రి మూడింటికి లేచి చక్కెర చూసుకోవాలి.

ఇక మూత్రపిండాలు. ఏళ్ళ తరబడి రెండొందలు దాటిన చక్కెర మెల్లగా దిగివచ్చి, సగం మాత్రకే మామూలైపోతే, పత్యం ఫలించిందనీ, ఎవరో ఇచ్చిన ఆకు పసరు పనిచేసిందనీ సంతోషిస్తారు. చాలాసార్లు జరిగింది వేరు. ఇన్సులిన్‌ను కరిగించి బయటికి పంపే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతింటే ఇన్సులిన్, కొన్ని మాత్రల ప్రభావం ఒంట్లోనే నిలిచిపోతుంది. కారణం లేకుండా బాగుపడ్డ షుగరును అనుమానించాలి, క్రియాటినిన్ చూడాలి. ఉద్దానంలాగా మూత్రపిండాల జబ్బు ఇంటింటా ఉన్న ప్రాంతాల్లో ఈ మాత్రలు రాసే ముందే చూడాలి.

తరచుగా చక్కెర పడిపోయేవారిలో ఇంకో ఆపద ఉంది. శరీరం కేక వేయడం మానేస్తుంది. చెమటా వణుకూ లేకుండా నేరుగా స్పృహ తప్పుతుంది. కొన్ని వారాలపాటు చక్కెర ఎక్కడా పడిపోకుండా కాస్త ఎక్కువగానే ఉంచితే ఆ కేక మళ్ళీ చాలావరకు తిరిగి వస్తుంది. రక్తపోటుకు బీటా బ్లాకర్లు వాడేవారిలో గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. దాన్ని నమ్ముకోవాలి.

షుగరు జబ్బు లేనివారికీ చక్కెర పడిపోవచ్చు. ఖాళీ కడుపున తాగిన సారా కాలేయం కొత్త గ్లూకోజు తయారు చేసుకునే పనిని ఆపేస్తుంది. నోట్లో వాసన వస్తోంది కదా, పడుకోనివ్వండి అని వదిలేసిన మనిషి తెల్లారేసరికి లేవడు. తీవ్రమైన ఫాల్సిపారం మలేరియాలో, ముఖ్యంగా గర్భిణుల్లో, పిల్లల్లో చక్కెర పడిపోతుంది. క్వినైన్ ఇస్తే అది ఇన్సులిన్‌ను పెంచి ఇంకా కిందికి తోస్తుంది. ఏజెన్సీలో పనిచేసిన వైద్యులకు ఇది పుస్తకం చెప్పవలసిన సంగతి కాదు.

అయితే షుగరు జబ్బు లేని పిల్లలను చక్కెర పడిపోవడం ఎలా తీసుకుపోగలదో దేశమంతా చూసింది ముజఫర్‌పూర్‌లో. అది ఉత్తర బీహారులో లిచీ తోటల సీమ. 1995 నుంచీ ఏటా మే, జూన్ నెలల్లో అక్కడి పేదపిల్లలు రాత్రి మామూలుగా పడుకుని తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచేవారు, స్పృహ తప్పేవారు, చాలామంది ఆసుపత్రి చేరిన కొద్ది గంటల్లో చనిపోయేవారు. ఊళ్ళో దాని పేరు చమ్‌కీ బుఖార్. వైరస్ కోసం ఏళ్ళపాటు వెతికారు. జపనీస్ మెదడువాపు అన్నారు, ఎండదెబ్బ అన్నారు. 2014లో మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కలిసి చేసిన దర్యాప్తు లెక్కలు ఇవి: రెండు ఆసుపత్రుల్లో చేరినవారు 390 మంది, చనిపోయినవారు 122 మంది. చక్కెర కొలిచిన 327 మందిలో 204 మందికి అది 70 లేదా అంతకన్నా తక్కువ. జబ్బు పడిన పిల్లలు ముందురోజు లిచీలు తినడమూ, రాత్రి అన్నం తినకుండా పడుకోవడమూ తేలాయి. లిచీలో హైపోగ్లైసిన్-ఏ అనే పదార్థమూ, దానికి దగ్గరి చుట్టమైన ఇంకొకటీ ఉన్నాయి. కొవ్వును కాల్చి శక్తి తీసుకునే దారినీ, కొత్త గ్లూకోజు తయారయ్యే దారినీ అవి మూసేస్తాయి. జమైకాలో పండని అకీ కాయలు తిన్నవారికి వచ్చే వాంతుల జబ్బుకు కారణమూ ఈ హైపోగ్లైసినే. అకీ, లిచీ, మన కుంకుడు ఒకే కుటుంబం చెట్లు. దర్యాప్తు నివేదిక అచ్చయ్యేలోపే వైరాలజిస్టు టి. జాకబ్ జాన్, ముజఫర్‌పూర్ పిల్లల వైద్యుడు అరుణ్ షా కూడా ఇదే వైపు వేలు చూపించారు.

ఇక్కడ నిజమైన నేరస్థుడు పండు కాదు. రాత్రి అన్నం తిన్న పిల్లవాడి కాలేయంలో నిల్వ ఉంటుంది. వాడు లిచీలు తిన్నా తెల్లారి ఆడుకోవడానికి పోతాడు. బక్కచిక్కి, ఆ రాత్రి పస్తున్న పిల్లవాడికి నిల్వ లేదు, తెల్లవారుజాముకి అడుగంటుతుంది, అదే సమయంలో కొత్త తయారీ కూడా మూతబడుతుంది. దర్యాప్తు చేసినవాళ్ళు రాత్రి పిల్లలకు అన్నం పెట్టండి, లిచీ పళ్ళు తినడం తగ్గించండి, ఫిట్స్‌తో వచ్చిన ప్రతి బిడ్డకూ ముందు చక్కెర చూసి సరిచేయండి అన్నారు. 2019 వేసవిలో బీహారులో మళ్ళీ వందకు పైగా పిల్లలు పోయారు. లిచీ వివరణను పూర్తిగా ఒప్పుకోని వైద్యులు ఇప్పటికీ ఉన్నారు, ఎండ వేడిమి పాత్ర ఉందంటారు. ఆ వాదన సాగనివ్వండి. పడిపోయిన చక్కెరను మొదటి ఆసుపత్రిలోనే సరిచేయడానికి ఆ వాదన తేలేదాకా ఆగనక్కరలేదు.

క్లోమంలో ఇన్సులిన్ ఊరే గడ్డ వల్ల చక్కెర పడిపోవడం చాలా అరుదు. టొరంటోలో రోస్కో గ్రాహం 1929లో అలాంటి గడ్డను తీసి రోగిని నయం చేశాడు. దాని ప్రస్తావన ఎందుకంటే, 1938లో అలెన్ విపుల్ ఆ గడ్డల కోసం పెట్టిన మూడు షరతులు ఇవాళ మన ఊళ్ళకు కావాలి: లక్షణాలు ఉండాలి, ఆ సమయంలో కొలిస్తే చక్కెర తక్కువగా తేలాలి, చక్కెర ఇస్తే లక్షణాలు పోవాలి. మన దగ్గర కళ్ళు తిరిగితే లో షుగర్, నీరసమైతే లో షుగర్, కొలిచే పని లేదు, చేతికి బాటిల్ కట్టడమే. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అయిదారు చెంచాలు! రక్తం లేక నీరసపడ్డ ఆడమనిషికి దాన్ని ఎక్కించి డబ్బు తీసుకోవడం వైద్యం కాదు.

ఇక చేయవలసింది. స్పృహలో ఉండి మింగగలిగిన పెద్దవారికి, 70 కన్నా తగ్గితే 15 గ్రాముల చక్కెర: మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపో, గ్లూకోజు పొడి అంతే మోతాదో, అరగ్లాసు పళ్ళరసమో. పావుగంట ఆగి మళ్ళీ కొలవాలి. ఇంకా తక్కువుంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. కోలుకున్నాక ఊరుకోకుండా అన్నమో, ఇడ్లీయో తినిపించాలి, లేకపోతే గంటలో మళ్ళీ పడుతుంది. చాక్లెట్, నేతి లడ్డు, పాలకోవా ఈ పనికి రావు. కొవ్వు వల్ల అందులోని చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. డైట్ కూల్‌డ్రింకులో చక్కెరే లేదు. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవారికి పంచదార కూడా తొందరగా అక్కరకు రాదు, ఎందుకంటే పంచదారను విడగొట్టే పనినే ఆ మందులు అడ్డుకుంటాయి. వాళ్ళకు గ్లూకోజు పొడే ఇవ్వాలి. కలిపిన బిళ్ళల్లో వోగ్లిబోస్ మన దగ్గర విరివిగా ఉంది. ఈ సంగతి చెప్పి పంపే మందుల షాపు నాకు ఇంతవరకు తగల్లేదు.

స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే వేయవచ్చు కానీ, మన షాపుల్లో అది తేలిగ్గా దొరకదు. ఆసుపత్రిలో 25 శాతం గ్లూకోజు వంద మిల్లీలీటర్లు నరానికి ఇస్తే చాలామంది నిమిషాల్లో కళ్ళు తెరుస్తారు. ఏళ్ళుగా తాగే అలవాటున్నవారికి దానితో పాటు థయమిన్ కూడా పడాలి. కళ్ళు తెరిచాడు కదా అని బిల్లు కట్టి ఇంటికి తీసుకుపోవడం పెద్ద ప్రమాదం. సల్ఫొనైల్‌యూరియా మాత్ర వల్ల పడినది ఒక రోజంతా, మూత్రపిండాలు బాగా లేకపోతే ఇంకా ఎక్కువసేపు, మళ్ళీ మళ్ళీ పడుతుంది. ఉంచి చూడాలి.

పెద్దవయసువారి గురించి ఒక మాట. 10,251 మందితో జరిగిన అకార్డ్ పరిశోధన 2008లో ఏం చూపిందో యువవైద్యులకు గుర్తుచేస్తాను. చక్కెరను గట్టిగా దించిన వర్గంలో 257 మంది, మామూలుగా ఉంచిన వర్గంలో 203 మంది చనిపోయారు. ఆ గట్టి వైద్యాన్ని మధ్యలోనే ఆపేశారు. ఎక్కువ మరణాలకు చక్కెర పడిపోవడమే కారణమని అది తేల్చలేదు. కానీ తీవ్రంగా పడిపోయిన సందర్భాలు గట్టిగా దించిన వర్గంలోనే ఎక్కువ. అయినా మన ఇళ్ళలో అంకె మీద మోజు పోలేదు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న ఎనభై ఏళ్ళ తండ్రి చక్కెర అంకెను వాట్సాప్‌లో చూసి అమెరికాలో ఉన్న కొడుకు ‘నాన్నా, ఫాస్టింగ్ నూట నలభై ఏమిటి’ అని గట్టిగా అడుగుతాడు. తండ్రి ఎవరికీ చెప్పకుండా మాత్ర పెంచుకుంటాడు. ఆ వయసులో నూట నలభై తప్పు కాదు. రాత్రి లేచి బాత్‌రూమ్ దగ్గర పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడం కంటే నయం.

పుట్టిన బిడ్డ విషయం ఒక్క వాక్యంలో చెబుతాను: తక్కువ బరువు బిడ్డకూ, షుగరున్న తల్లి బిడ్డకూ మొదటి గంటలో పడే ముర్రుపాలే చక్కెర పడిపోకుండా మొదటి మందు, దాన్ని పిండి పారబోయించే పెద్దమ్మలను ఆపండి.

తోటి వైద్యులకు నా విన్నపం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ రాసిన ప్రతి చీటీ మీద తెలుగులో, చేతిరాతతోనైనా సరే, మూడు ముక్కలు రాయండి: తినకుండా వేసుకోవద్దు, చెమట, వణుకు వస్తే చక్కెర చూసుకోండి, గ్లూకోజు పొడి జేబులో ఉంచుకోండి. ఇంట్లోవాళ్ళను కూడా లోపలికి పిలిచి ఈ మాటలే చెప్పండి, ఆ సమయానికి రోగికి బుర్ర పనిచేయదు. ఇంట్లోవాళ్ళకు నేను చెప్పేది, షుగరు మందు వాడే మనిషి చెమటలు పట్టి తడబడుతుంటే మీటరు కోసం వెతుకుతూ కూర్చోకండి. మింగగలిగితే ముందు గ్లూకోజు నీళ్ళు పట్టండి, తర్వాత కొలవండి. అనుమానం తప్పైతే ఒక పూట చక్కెర కాస్త పెరుగుతుంది, అంతే.